చప్పుడు లేని మోటారు

పోయిన ఏడు దాకా ఈ ఓడకి డీజిల్ మోటారు.
వంటగది దాని నెత్తినే.
గిన్నెలు వాటంతట అవే వణికేవి.
పైన డెక్కు మీద నా కొడుకు ఏం చెబుతున్నాడో
పద్నాలుగు మంది ఎందుకు నవ్వుతున్నారో
ఒక్క ముక్క వినపడేది కాదు.
అదీ ఒక సుఖమే.

ఈసారి నీళ్ళు పెరిగే కాలానికి
కప్పు మీద నల్ల పలకలు పరిచారు.
ఎండ తాగి నడుస్తుందట ఓడ.
ఇప్పుడు రియో నెగ్రో మీద మేం పోతుంటే
చిక్కటి డికాక్షన్‌లో చెంచా తిప్పినట్టు,
అంతే.
నడుముల దాకా మునిగిన చెట్ల మధ్యకి దూరినా
కొమ్మ మీది కొంగ బెదరదు.

బెదురు నాకు పట్టుకుంది.
అన్నీ వినపడుతున్నాయి.

మంగళవారం సాయంత్రం కథ.
వాల్దెసీర్ గొంతు సవరించుకుంటాడు:
"ఈ గులాబీ డాల్ఫిన్ని మేం బోతో అంటాం.
జూన్ పండగ రాత్రి అది మగాడై రేవెక్కుతుంది.
తెల్ల సూటు, నెత్తిన టోపీ.
టోపీ మాత్రం తియ్యదు,
మాడు మీద ఊపిరి రంధ్రం కనపడిపోతుంది కదా.
తెల్లారేసరికి మళ్ళీ నీళ్ళలోకి.
తొమ్మిది నెలలకి ఎవరింట్లోనో
ఇంకో ఉయ్యాల కడతారు."

ఇక్కడ కాస్త ఆగుతాడు. ఎక్కడ ఆగాలో వాడికి తెలుసు.

"నా బడి కాగితంలో తండ్రి పేరు దగ్గర ఖాళీ."

నవ్వులు.
ఎవరో తన టోపీ తీసి వాడి నెత్తిన పెడతారు.
ఫొటో.

కింద నేను కర్రపెండలం పిండి వేయిస్తుంటాను.
ప్రతి మంగళవారం ఒక పక్క మాడుతుంది.

టోపీ నిజమే.
గడ్డి టోపీ, ఎడమ అంచు ఎలకలు కొరికింది.
సూటు అబద్ధం. నూనె మరకల నీలం చొక్కా.
ఐసు పడవ మీద మెకానిక్కు,
పంపు చెడి మా రేవులో మూడు రోజులు.
స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి
పిడికి చెవి పెట్టి
కళ్ళు మూసుకుని వినేవాడు.
నా మాటలూ అలాగే విన్నాడు ఆ మూడు రోజులు.
టోపీ తీసేవాడు కూడా.
మాడు మీద రంధ్రం లేదు, చిన్న బట్టతల,
చేత్తో తడిమి చూశాను.

పేరు మా అమ్మకి చెప్పలేదు.
ఆవిడే ఊరందరికీ చెప్పింది, బోతో అని.
ఊరు తలాడించింది. మళ్ళీ ఎవరూ అడగలేదు.
ఒంటికి అంత సరిపోయే అబద్ధం
తర్వాత నాకెవరూ కుట్టిపెట్టలేదు.

ఓడ ఎక్కగానే అతిథులకి చెప్పే మొదటి నియమం
ఏ జాడా వదలకుండా వెళ్ళాలని.
సీసా మూత, సిగరెట్ పీక, సబ్బు నురగ, ఏదీ.
వీళ్ళందరికన్నా ముందే
ఆ నియమం పాటించినవాడు నాకు తెలుసు.
ఒక్క జాడ తప్ప.
అది ఇప్పుడు పైన నిలబడి
ఎవరిదో టోపీ పెట్టుకుని నవ్వుతోంది.

మొన్న నీళ్ళ పంపు ఆగిపోయింది.
అడవి మధ్య, ఐదు రోజుల మబ్బు.
కెప్టెన్ పుస్తకం తిరగేస్తున్నాడు.
వాల్దెసీర్ వంగి, స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి
పిడికి చెవి పెట్టి
కళ్ళు మూసుకున్నాడు.

ఎవరు నేర్పారు, అంది జపాను అమ్మాయి.
ఎవరూ లేదు, అన్నాడు.

చేతులు తుడుచుకుంటూ కాఫీకి వచ్చాడు.
"అమ్మా, పైన నేను చెప్పేది నీకు వినపడుతుందా?"
"ఈ మోటారు మోతలో ఏం వినపడుతుందిరా" అన్నాను.
ఆ మోటారు తీసేసి ఏడు నెలలు.

వాడేం అనలేదు.
గోడకున్న గడియారం కూడా వినపడుతోంది.
గ్లాసు అందిస్తూ అన్నాను,
"తెల్ల సూటు కాదు. నీలం చొక్కా."

కిటికీ కింద నీళ్ళలో
ఏదో పెద్దగా ఊపిరి వదిలింది.
ఇద్దరం అటు చూడలేదు.